స్పిట్‌ఫైర్ ప్లాస్టిక్ మోడల్ చేయడం ఎలా: పెట్టె తెరిచిన దగ్గర నుంచి ఆఖరి పూత దాకా

స్పిట్‌ఫైర్, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం, కిట్ పెట్టె తెరవగానే చేతులు ఊరుకోవు. ఫ్యూజ్‌లాజ్ (విమానం ఒళ్లు) రెండు సగాలు విరిచి, జిగురు రాసి, అతికించి చూద్దామనిపిస్తుంది. జిగురు సీసా మూత ఇంకా తీయకండి. ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: మీరు చేయబోయేది ఏ స్పిట్‌ఫైర్? ఏ సంవత్సరంలో, వీలైతే ఏ నెలలో ఎగిరినది?

ఇది చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ల చాదస్తంలా అనిపించొచ్చు. కానీ తర్వాత మీకు ఎదురయ్యే సందేహాల్లో సగం ఈ ఒక్క జవాబుతోనే తీరిపోతాయి. అడుగున ఏ రంగు వేయాలి, ప్రొపెల్లర్ ఏది పెట్టాలి, ఏరియల్ తీగ ఉండాలా వద్దా, ఏ ముక్కను వాడకుండా పక్కన పడేయాలి, అన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

ఏ విమానం, ఏ నెల

ఆర్.జె. మిచెల్ రూపొందించిన ఈ విమానం తొలిసారి ఎగిరింది 1936 మార్చి 5న. యుద్ధం అయిపోయాక కూడా కొన్నాళ్లు తయారవుతూనే ఉంది. మొత్తం ఇరవై వేలకు పైగా తయారయ్యాయి. అన్నేళ్లలో ఇంజను మారింది, ముక్కు పొడుగైంది, తుపాకులు మారాయి. రంగులైతే లెక్కలేనన్ని సార్లు మారాయి. "స్పిట్‌ఫైర్ చేశాను" అంటే తెలిసినవాళ్లు వెంటనే అడిగేది "ఏ మార్క్?" (అంటే ఏ రూపాంతరం?) అనే.

ఈ వ్యాసంలో నేను తీసుకుంటున్నది మార్క్ 1, 1940 వేసవి చివర, అంటే బ్రిటన్ ఆకాశంలో జర్మన్ విమానాలతో పోరు, బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్, జరుగుతున్నప్పటిది. మొదటిసారి చేసేవాళ్లకు ఇదే మంచిదని నా అభిప్రాయం. ఆకారం సరళంగా ఉంటుంది, ఫోటోలు బోలెడు దొరుకుతాయి, మూడు రంగులతో పని అయిపోతుంది.

దీని గుర్తులు: మూడు బ్లేడ్ల ప్రొపెల్లర్, ఒక్కో రెక్కలో నాలుగు చొప్పున ఎనిమిది మెషిన్ గన్లు, మెర్లిన్ ఇంజను. రెక్కల కింద చూస్తే రెండు వైపులా ఒకేలా ఉండదు. కుడి రెక్క కింద పెట్టెలాంటి రేడియేటర్, ఎడమ రెక్క కింద సన్నటి ఆయిల్ కూలర్ ఉంటాయి. తర్వాత వచ్చిన మార్క్ 9లో రెండు వైపులా పెట్టెల్లాంటివే కనిపిస్తాయి. కొన్ని కిట్లలో రెండు మార్కుల ముక్కలూ ఒకే చట్రంలో (ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేములో) వస్తాయి కాబట్టి ఇక్కడ పొరపాటు జరగడం తేలిక.

రంగుల సంగతి. 1940 మొదట్లో ఫైటర్ల అడుగు భాగం సగం నలుపు, సగం తెలుపు. అదే ఏడాది జూన్ నుంచి 'స్కై' అనే లేత ఆకుపచ్చ ఛాయ రంగు వచ్చింది. నవంబరు చివర్లో తోక ముందు స్కై రంగు పట్టీ, స్కై రంగు స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలోని మొన టోపీ), ఎడమ రెక్క కింద మళ్లీ నలుపు వచ్చి చేరాయి. 1941 ఆగస్టుకు పైభాగంలో మట్టి రంగు పోయి సముద్రపు బూడిద రంగు వచ్చింది. కాబట్టి డెకాల్ (నీళ్లలో తడిపి అతికించే గుర్తుల) షీటు మీద రెండు మూడు విమానాల గుర్తులు ఉంటే, ఏది కావాలో ఇప్పుడే ఎంచుకుని ఆ ఒక్క విమానానికే కట్టుబడండి. ఒకదాని రంగులు, ఇంకోదాని అంకెలు కలిపితే అలాంటి విమానం ఎప్పుడూ ఎగిరి ఉండదు.

స్కేలు (అసలు విమానంలో మోడల్ ఎన్నో వంతు అన్నది) విషయానికొస్తే, అసలు విమానం రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. 1/72లో అది దాదాపు 15.6 సెంటీమీటర్లు, 1/48లో 23.4, 1/32లో 35. కిట్ల కంపెనీ ఎయిర్‌ఫిక్స్ తన మొదటి స్పిట్‌ఫైర్ కిట్ తెచ్చిన 1950ల నుంచి 1/72కే ఆదరణ ఎక్కువ. ఆరడుగుల మనిషి ఇందులో సరిగ్గా అంగుళం ఎత్తుంటాడు. చిన్నది కదా తేలికేమో అనుకోవద్దు. ముక్కలు చిన్నవైతే వేళ్లకు పని కష్టం. అల్మారాలో చోటుంటే మొదటిది 1/48లోనే చేయండి.

ఏమేం కావాలి

సైడ్ కట్టర్, మార్చుకునే బ్లేడ్లున్న హాబీ కత్తి, సన్నటి మొన ఉన్న ట్వీజర్, 400 నుంచి 1500 దాకా నంబర్లున్న నీటి సాండ్‌పేపర్, మాస్కింగ్ టేప్, పుట్టీ, రెండు మూడు మంచి బ్రష్‌లు. ఎయిర్‌బ్రష్ ఉంటే బాగుంటుంది గానీ లేకపోయినా ఆగక్కర్లేదు. చౌక బ్రష్‌ల డజను కన్నా మంచి బ్రష్ ఒక్కటి నయం.

జిగురు గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మోడల్ కిట్లు పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. వీటికి వాడే ద్రవ సిమెంట్ మామూలు అర్థంలో జిగురు కాదు. అది ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రెండు అంచులూ కరిగి, కలిసి, ద్రావకం ఆవిరయ్యాక ఒకే ముక్కగా గట్టిపడతాయి. అందుకే రంగు వేసిన అంచు మీద ఇది సరిగ్గా పట్టదు. అతికే చోట రంగు గీకేయాలి. అందుకే వేలికి సిమెంట్ అంటుకుని ఉండగా రెక్కను పట్టుకుంటే వేలిముద్ర అచ్చుపడిపోతుంది.

నీళ్లలా పలచగా ఉండే సిమెంట్ కొనండి, టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది. ట్యూబులో వచ్చే చిక్కటి జిగురు తీగలు సాగుతుంది, అతుకుల్లోంచి పొంగుతుంది. లోహపు ముక్కలకు, రెసిన్ ముక్కలకు సూపర్ గ్లూ. పారదర్శక ముక్కలకు ఈ రెండూ వద్దు, తెల్లటి పీవీఏ జిగురు వాడండి. సూపర్ గ్లూ ఆవిరికి కానపీ (పైలట్ కూర్చునే కాక్‌పిట్ మీది అద్దాల కప్పు) మీద తెల్లటి పొగ పట్టేస్తుంది.

సిమెంట్, థిన్నర్ రెండూ ఘాటైనవే. కిటికీ తెరిచి పెట్టుకోండి. స్ప్రే చేసేటప్పుడు ద్రావకాల ఆవిరిని ఆపే ఫిల్టరున్న మాస్క్ పెట్టుకోండి. మామూలు గుడ్డ మాస్క్ దానికి పనికిరాదు.

చట్రం నుంచి ముక్కలు కోయడం

ముందు చట్రాలన్నిటినీ గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి కడిగి ఆరనివ్వండి. అచ్చులోంచి ప్లాస్టిక్ తేలిగ్గా ఊడి రావడానికి పూసే జిడ్డు వాటి మీద మిగిలి ఉండొచ్చు. అది ఉంటే రంగు పట్టదు. వేడి నీళ్లు వద్దు, సన్నటి ముక్కలు వంగిపోతాయి.

ముక్కను చేత్తో విరవకండి. కట్టర్‌తో మొదట ముక్కకు కొంచెం దూరంగా కోయండి, తర్వాత మిగిలిన మొటిక దగ్గరకు కోయండి. ఒకేసారి ముక్కను ఆనుకుని కోస్తే ఒత్తిడికి ప్లాస్టిక్ తెల్లబారి, చిన్న గుంట పడుతుంది. ఆఖరి మిల్లీమీటరు కత్తితో పల్చగా చెక్కి, సాండ్‌పేపర్‌తో నునుపు చేయండి. అచ్చు రెండు భాగాలు కలిసే చోట ముక్క చుట్టూ వెంట్రుకలాంటి గీత ఉంటుంది. ల్యాండింగ్ గేర్ కాళ్లు, ఏరియల్ స్తంభం లాంటి గుండ్రటి ముక్కల మీద అది బాగా కనిపిస్తుంది. కత్తి అంచును నిలువుగా పట్టి దాని మీద లాగితే పోతుంది.

అన్ని ముక్కలూ ముందే కోసి పెట్టుకోకండి. నంబర్లు ఉండేది చట్రం మీదే.

కాక్‌పిట్

అసలు జోడింపు ఇక్కడ మొదలవుతుంది. ఎందుకంటే ఫ్యూజ్‌లాజ్ మూసేశాక లోపలికి చేయి పోదు. గోడలకు బూడిద ఛాయ ఉన్న ఆకుపచ్చ వేయండి, కిట్లలో దాన్ని ఇంటీరియర్ గ్రీన్ అంటారు. అమెరికన్ విమానాలకు కూడా ఇదే పేరుతో వేరే రంగు అమ్ముతారు, అది ఇంకా పచ్చగా ఉంటుంది. సీసా మీద ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) అని ఉందో లేదో చూసుకోండి. ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ నలుపు. డయల్స్‌కు డెకాల్ ఇస్తే అదే అతికించి, ఆరాక ఒక్కో డయల్ మీద చుక్క గ్లాస్ (మెరుపునిచ్చే) వార్నిష్ పెట్టండి. అద్దం పెట్టినట్టే మెరుస్తుంది.

రంగు ఆరాక పలచటి ముదురు గోధుమ వాష్ (నీళ్లలా కలిపిన రంగు) పోయండి. అది మూలల్లో దిగి నీడలా నిలుస్తుంది. తర్వాత లేత రంగును బ్రష్‌కు అద్ది, కాగితం మీద దాదాపు అంతా తుడిచేసి, ఎత్తుగా ఉన్న అంచుల మీద తేలిగ్గా రాయండి. కాక్‌పిట్‌కు ఈ రెండు పద్ధతులూ చాలు.

సీటు బెల్టులు కిట్‌లో రాకపోతే మాస్కింగ్ టేప్‌ను మిల్లీమీటరు వెడల్పు పట్టీలుగా కోసి, లేత గోధుమ రంగు వేసి పరవండి. కానపీ మూసి పెట్టే ఉద్దేశం ఉంటే బెల్టులు, సీటు, ప్యానెల్ పైభాగం తప్ప ఏమీ కనిపించవు. రాత్రుళ్లు కూర్చుని పెడళ్లకు రంగులు వేయడం మీ ఇష్టం, ఎవరూ చూడలేరు. కానపీ తెరిచి, ఎడమ వైపు ఉండే చిన్న తలుపు దించి పెట్టాలనుకుంటే మాత్రం శ్రద్ధ పెట్టాల్సిందే.

అతుకులు: మోడల్ నిలిచేది ఇక్కడే

చాలామంది మోడల్ అందం రంగుల్లో ఉందనుకుంటారు. నా లెక్కలో మూడు చోట్ల ఉంది: వీపు మీది అతుకు, రెక్క మొదలు, కానపీ కూర్చునే అంచు. ఈ మూడూ శుభ్రంగా ఉంటే ఓ మోస్తరు రంగు కూడా బాగానే కనిపిస్తుంది. ఇవి చెడితే ఎంత గొప్ప రంగు వేసినా బొమ్మలాగే ఉంటుంది.

ఏ ముక్కనైనా జిగురు లేకుండా ముందు అమర్చి చూడండి. కాక్‌పిట్ లోపల పెట్టి, ఫ్యూజ్‌లాజ్ రెండు సగాలు కలిపి, టేప్ చుట్టండి. వేలితో నొక్కకుండానే అంచులు కలుస్తున్నాయా? కలవకపోతే లోపల ఏదో అడ్డుపడుతోంది. ఎక్కువగా అది కాక్‌పిట్ గోడో, రంగు పూత మందమో అయి ఉంటుంది. దాన్ని అరగదీయండి. బలవంతంగా నొక్కి అతికిస్తే ఆ ఒత్తిడి లోపలే ఉండిపోయి, కొన్నాళ్లకు అతుకు పగులుతుంది. ప్రొపెల్లర్ ఇరుసును ఈ దశలోనే లోపల పెట్టాలా అన్నది కూడా సూచనల కాగితంలో చూసుకోండి.

కుదిరాక, టేపుతో పట్టి ఉంచి, సిమెంట్ బ్రష్‌ను అతుకు మీద ఆనించండి. సన్నటి సందులోకి ద్రవం దానంతటదే పాకుతుంది. టేప్ అంచుకు మాత్రం తగలనివ్వకండి, దాని కిందకు కూడా పాకి మరక పడుతుంది. రెండు సెంటీమీటర్లు అతికించి, కాసేపు ఆగి, ముందుకు పోండి. అతుకును కొద్దిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా పైకి ఉబకాలి. ఆ పూసే మీకు పుట్టీ. గట్టిపడ్డాక అరగదీస్తే అతుకు మాయమవుతుంది. ఒక రాత్రంతా వదిలేయండి. తొందరపడి మెత్తగా ఉండగానే గీకితే తర్వాత అక్కడ పల్లం పడుతుంది.

రెక్కల దగ్గర స్పిట్‌ఫైర్ కిట్లలో తరచుగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. రెక్క పై సగం ఫ్యూజ్‌లాజ్‌ను కలిసే చోట సందు మిగులుతుంది. ఆ చోట విమానానికి అందమైన వంపు ఉంటుంది, అక్కడ పుట్టీ వేసి అరగదీస్తే వంపు చెడుతుంది. సూచనల్లో రెక్క పై, కింద భాగాలు ముందు కలిపి, తర్వాత ఒంటికి అతికించమంటారు. సందు వచ్చే కిట్ అయితే ఆ వరస మార్చండి. పై సగాలను ముందు ఒంటికి సందు లేకుండా అతికించి, ఆ తర్వాత కింది ముక్క పెట్టండి. తేడా ఏమైనా ఉంటే అది అడుగుకు పోతుంది, అక్కడ సరిచేయడం తేలిక. ఇంకో దారి, చట్రం ముక్కను తగిన పొడవుకు కోసి ఫ్యూజ్‌లాజ్ లోపల అడ్డంగా పెట్టి, పక్క గోడలను కొద్దిగా బయటికి నెట్టడం. ఏది చేయాలో జిగురు లేకుండా అమర్చి చూసినప్పుడే తెలుస్తుంది.

రెక్కలు మొదలు నుంచి కొసకు పైకి లేచి ఉండాలి. ఈ విమానానికి అది 6 డిగ్రీలు. చాలా కిట్లలో అతికించాక రెక్కలు కుంగుతాయి. ఒక రెక్క కొస నుంచి ఒంటి మీదుగా ఇంకో రెక్క కొసకు టేప్ లాగి కట్టి, ఆరేదాకా ఉంచండి. తోక దగ్గరి చిన్న రెక్కలు మాత్రం నేలకు సమాంతరంగా, నిలువు తోకకు లంబంగా ఉండాలి. వెనక నుంచి, కంటి ఎత్తులో పెట్టి చూడండి. జిగురు మెత్తగా ఉన్న పది నిమిషాల్లో సరిచేయడం సులువు, ఆ తర్వాత కుదరదు.

ఇప్పుడు మిగిలిన సందులకు పుట్టీ. గుంట నిండేంత మాత్రమే వేయండి. 400తో మొదలుపెట్టి 600, 800, 1000 దాకా తడి చేసి రుద్దండి. వేలికి చుట్టి రుద్దితే వేలి వంపు ప్లాస్టిక్ మీదకొస్తుంది. స్పాంజి ముక్కకో, చిన్న రబ్బరు దిమ్మకో చుట్టండి. చదును అయిందో లేదో కంటికన్నా గోరు బాగా చెబుతుంది. గోరు అడ్డంగా లాగితే ఎక్కడా తగలకూడదు. అనుమానముంటే అతుకు మీద వెండి రంగు సన్నగా పూయండి, తప్పులన్నీ బయటపడతాయి.

రుద్దడంలో ప్యానెల్ గీతలు కొన్ని చెరిగిపోతాయి. గట్టి టేప్‌ను హద్దుగా పెట్టి, సూదితో మూడు నాలుగు సార్లు తేలిగ్గా లాగి మళ్లీ గీయండి. లోతుగా గీయకండి. 1/72లో 0.3 మిల్లీమీటర్ల గీత అంటే అసలు విమానం మీద రెండు సెంటీమీటర్లకు పైగా ఉన్న సందు! రేకుల మధ్య అంత సందుంటే ఏ పైలటూ ఎక్కడు. తోక చుక్కాని లాంటివి రేకు కాదు, గుడ్డ కప్పినవి. వాటి మీద పక్కటెముకల్లాంటి ఉబ్బులు ఉంటాయి, వాటిని అరగదీయకండి.

కానపీ, ప్రైమర్

కానపీ ఫ్రేములకు మాస్కింగ్ చేయడం అందరికీ టెన్షన్ పెట్టే పనే. పద్ధతి తెలిస్తే అంత లేదు. ఒక్కో అద్దం మీద సన్నటి టేప్ పరిచి, చెక్క పుల్లతో అంచుల్లోకి నొక్కితే ఫ్రేము గీత టేపు కింద తేలుతుంది. కొత్త బ్లేడు వేసి, బరువు పెట్టకుండా ఆ గీత వెంట లాగండి. పాత బ్లేడు టేపును కోయదు, చింపుతుంది. గుమ్మటంలా ఉబ్బిన నడి భాగానికి టేపును చిన్న చిన్న ముక్కలుగా వేసి, మధ్యలో మిగిలిన చోటు మాస్కింగ్ ద్రవంతో నింపండి. ఫ్రేముకు ముందు కాక్‌పిట్ లోపలి ఆకుపచ్చ వేయండి, దాని మీద బయటి రంగు. అద్దంలోంచి లోపలి వైపు సరైన రంగు కనిపిస్తుంది.

తర్వాత బూడిద రంగు ప్రైమర్. దీనికి రెండు పనులు: రంగు పట్టేలా చేయడం, మీ కంటికి అందని గీతలను చూపించడం. గీతలు కనిపిస్తే విసుక్కోకుండా మళ్లీ పుట్టీ దగ్గరికి వెళ్లండి.

రంగులు

లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. అంటే అడుగున స్కై, పైన డార్క్ ఎర్త్ అనే మట్టి గోధుమ, ఆఖరున డార్క్ గ్రీన్.

ఎయిర్‌బ్రష్ అయితే రంగును పాలంత పలచన చేసి, 15 నుంచి 20 పీఎస్ఐ మధ్య ఒత్తిడితో, పొర మీద పొర వేయండి. మొదటి పొరకే ప్రైమర్ కప్పబడాలని చూడకండి. బ్రష్‌తో వేసేటట్లయితే చదును బ్రష్ తీసుకోండి, అక్రిలిక్ రంగును కొద్దిగా పలచన చేయండి, మూడు నాలుగు పల్చటి పొరలు వేయండి. ఒక పొరకు ఒక దిశ, తర్వాతి పొరకు దానికి అడ్డంగా. సగం ఆరిన చోటికి మళ్లీ బ్రష్ తీసుకెళ్లకండి. చారలు పడేది ఎక్కువగా ఇందువల్లే.

మట్టి రంగు బాగా ఆరాక, ఆకుపచ్చ పడకూడని చోట్ల మాస్కింగ్. వంపులు ఎక్కడెక్కడ రావాలో సూచనల కాగితంలో ఉంటుంది. దాన్ని మోడల్ సైజుకు పెంచి ముద్రించి, కోసి, టేపుతో పెట్టుకోవచ్చు. ఈ మచ్చలు ఫ్యాక్టరీలో నిర్ణీత నమూనా ప్రకారం వేసినవి, మీ ఊహకు వదిలినవి కావు. రెండు రంగుల మధ్య అంచు ఎంత మెత్తగా ఉండాలన్నది చాలామంది తేల్చుకోలేరు. లెక్క వేసి చూడండి: అసలు విమానం మీద అంగుళం మేర రంగులు కలిసిపోయినా 1/72లో అది 0.35 మిల్లీమీటర్లే. అంటే అంచు దాదాపు పదునుగానే కనిపించాలి. ఎయిర్‌బ్రష్ కొన్నామన్న సరదాలో మబ్బుల్లా అంచులు చేస్తే స్కేలు చెడుతుంది.

సీసాలోంచి వచ్చిన రంగు చిన్న మోడల్ మీద కాస్త ముదురుగా అనిపిస్తుంది. రెండు మూడు చుక్కలు లేత రంగు కలిపితే సరిపోతుంది.

డెకాల్స్

డెకాల్ వేసే ముందు మోడల్ మొత్తానికి గ్లాస్ వార్నిష్ వేయండి. గరుకుగా ఉన్న మ్యాట్ రంగు మీద డెకాల్ వేస్తే కింద గాలి చిక్కుకుని వెండి పొరలా మెరుస్తుంది. ఇది తర్వాత పోదు.

ఒక్కో డెకాల్‌ను విడిగా కోసి, గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ముంచి తీసి, ఇంకో నిమిషం ఆగండి. కాగితం మీద జారుతోందంటే సిద్ధమైనట్టు. మోడల్ మీద నీటి చుక్క వేసి, కాగితం నుంచి జార్చి, సర్ది, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచులకు అద్దండి. ఆ తర్వాత డెకాల్ మెత్తబరిచే ద్రవం పూయండి. కాసేపటికి అది ముడతలు పడి భయపెడుతుంది. చేయి పెట్టకండి. ఆరేకొద్దీ అదే సాఫీ అయి ప్యానెల్ గీతల్లోకి దిగుతుంది. ముడత చూసి సర్దబోతే చిరుగుతుంది.

ఏ గుర్తు ఎక్కడన్నది చూసుకోండి. రెక్కల మీద ఎరుపు, నీలం మాత్రమే ఉన్న వలయం. రెక్కల కింద ఎరుపు, తెలుపు, నీలం. పక్కలకు ఆ మూడింటి చుట్టూ పసుపు.

వాడిన గుర్తులు

డెకాల్ ఆరాక మళ్లీ పలచటి గ్లాస్ పొర, దాని మీద ముదురు గోధుమ ఆయిల్ రంగును వైట్ స్పిరిట్‌లో కరిగించి ప్యానెల్ గీతల్లో వదలండి. ఎక్కువైనది గాలి వీచే దిశలో, అంటే ముందు నుంచి వెనక్కి తుడిచేయండి. కింద వేసిన రంగులు అక్రిలిక్ అయితేనే ఈ పద్ధతి క్షేమం. ఎనామెల్ అయితే వైట్ స్పిరిట్‌కు అదీ లేచిపోవచ్చు.

ఆపైన మురికి, గీతలు ఎంతవరకు? ఇక్కడ అతి చేసేవాళ్లే ఎక్కువ. 1940 వేసవిలో చాలా ఫైటర్లు పాతబడేంత కాలం బతకలేదు. కాబట్టి జరిగే పనిని బట్టి గుర్తులు పెట్టండి. పైలట్ ఎడమ వైపు నుంచే ఎక్కుతాడు కనుక ఎడమ రెక్క మొదట్లో రంగు అరిగి, అక్కడక్కడ లోహం కనిపించాలి. కుడి వైపు అంత ఉండదు. ఎగ్జాస్ట్ గొట్టాల వెనక గోధుమ, బూడిద కలిసిన మసి చార. తుపాకుల దగ్గర ఒక సంగతి: గొట్టాల రంధ్రాల మీద ఎర్రటి గుడ్డ ముక్కలు అంటించేవాళ్లు, దుమ్ము, తేమ చేరకుండా. కాల్చినప్పుడు అవి చిరిగిపోతాయి. కాబట్టి ఎర్ర ముక్కలు చెక్కుచెదరకుండా వేసి, రెక్క కింద తుపాకుల మసి కూడా పెడితే రెండూ పొసగవు. ఏదో ఒకటి ఎంచుకోండి.

ఇదంతా అయ్యాక మ్యాట్ వార్నిష్. విడివిడిగా కనిపించిన రంగులు, డెకాల్స్ అప్పుడు ఒకటవుతాయి.

చివర పెట్టే ముక్కలు

ల్యాండింగ్ గేర్, ప్రొపెల్లర్, పిటాట్ గొట్టం (గాలిలో వేగం కొలిచే సన్నటి గొట్టం), ఏరియల్ స్తంభం. ఇవన్నీ ఆఖరునే. ముందే పెడితే రుద్దేటప్పుడు ఒకటైనా విరుగుతుంది. స్పిట్‌ఫైర్ కాళ్లు దగ్గరగా ఉంటాయి, కిందకు వచ్చేకొద్దీ బయటికి చాచినట్టు వాలుతాయి. నిటారుగా పెట్టకండి. మోడల్‌ను చదునైన అద్దం మీద నిలబెట్టి, రెండు చక్రాలూ, తోక చక్రమూ నేలను తాకుతున్నాయో లేదో చూసి, అప్పుడు జిగురు ఆరనివ్వండి. ఇది తోక మీద కూర్చునే విమానం కాబట్టి ముక్కులో బరువు పెట్టే పని లేదు. పీ-38 లాంటి ముందు చక్రం ఉన్నవాటికి మాత్రం ఫ్యూజ్‌లాజ్ మూయకముందే సీసపు గుండ్లు పెట్టాలి.

ప్రొపెల్లర్ కొసలు పసుపు, అసలు విమానంలో 4 అంగుళాలు. 1/48లో రెండు మిల్లీమీటర్ల పైన కొంచెం. పసుపు ముందు వేసి, టేపు చుట్టి, నలుపు తర్వాత వేయండి.

ఏరియల్ తీగ అవసరమా అన్నది మీరు ఎంచుకున్న నెల చెబుతుంది. పాత హెచ్ఎఫ్ రేడియో ఉన్న విమానాల్లో స్తంభం నుంచి చుక్కానికి తీగ ఉండేది. 1940లో వీహెచ్ఎఫ్ రేడియోలు వచ్చేకొద్దీ అది పోయి, స్తంభం ఒక్కటే మిగిలింది. మీ విమానం ఫోటో ఉంటే చూసి తేల్చుకోండి. తీగ కావాలంటే చట్రం ముక్కను కొవ్వొత్తి మంటకు కొంచెం పైన తిప్పుతూ వేడి చేయండి. మెత్తబడి వంగుతోందనగా మంట నుంచి పక్కకు తెచ్చి, రెండు చేతులతో ఒకే వేగంతో లాగండి. ఎంత త్వరగా లాగితే అంత సన్నబడుతుంది. చల్లారాక కావలసిన పొడవు కోసి, సూది మొనతో సూపర్ గ్లూ చుక్క పెట్టి అతికించండి.

కానపీ మీది టేపును అన్నీ ఆరాక, పుల్ల కొసతో ఒక మూల లేపి నెమ్మదిగా తీయండి. అంచున రంగు పెచ్చు లేచినట్టనిపిస్తే ఆగి, ఆ గీత వెంట బ్లేడు మొన ఒకసారి తేలిగ్గా నడిపి, అప్పుడు లాగండి. ఫ్రేము దాటి రంగు పాకి ఉంటే చెక్క పుల్లను చదునుగా చెక్కి దానితో గీకండి. లోహం తగిలితే అద్దానికి గీత పడుతుంది.

మోడల్‌ను నేరుగా ఎండ పడే చోట పెట్టకండి, డెకాల్స్ పసుపుబారతాయి. అద్దాల అల్మారా ఉంటే మేలు. లేకపోతే మేకప్ వేసుకునే మెత్తటి బ్రష్ ఒకటి దీనికే కేటాయించి, దుమ్మును రెక్క మొదలు నుంచి కొసకు దులపండి. తీగ, పిటాట్ గొట్టం ఉన్న వైపు బ్రష్ పోనివ్వకండి.